కాశీ నుంచి ఖాట్మండుకు రోడ్డున వెళ్ళి, విమానంలో తిరిగి రావడం: ఒక యాత్రా ఏజెన్సీ పనితీరు

గుంటూరులోని మా విశ్రాంత ఉద్యోగుల సంఘం తరఫున గత కార్తీకంలో కాశీ, లుంబినీ, పోఖరా, ఖాట్మండులు కలిపి ఒక యాత్ర చేశాం. ఇరవై మందికి పైగా ఉన్న మా బృందంలో ఎక్కువ మంది అరవై దాటినవారే. హైదరాబాదులోని ఒక ఏజెన్సీ ఈ యాత్రను ఏర్పాటు చేసింది. ఏజెన్సీతో మాటలు, డబ్బు లెక్కలు, కాగితాలు అన్నీ నేనే చూసుకున్నాను కాబట్టి వారి పని ఎక్కడ బాగుందో, ఎక్కడ బాగాలేదో వివరంగా రాయగలను. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి యాత్రను ఏ ఏజెన్సీతో మాట్లాడుకున్నా ఇవే విషయాలు తేల్చుకోవలసి వస్తుంది.

మన ప్రాంతం నుంచి నేపాల్ వెళ్ళే బృందాలు సాధారణంగా గోరఖ్‌పూర్‌లోనో కాశీలోనో ఒక బస్సు మాట్లాడుకుని, దానిలోనే సునౌలీ సరిహద్దు దాటి, ఖాట్మండు చూసుకుని, మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తాయి. ఖాట్మండు నుంచి సునౌలీకి రెండు వందల డెబ్భై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. చాలా భాగం కొండదారి కాబట్టి వెళ్ళేటప్పుడు కొత్త ప్రదేశాలు చూస్తూ ఓర్చుకున్న శరీరం, తిరుగు దారిలో చూడవలసిందేమీ లేకుండా అదే కుదుపును మళ్ళీ భరించాలి. పెద్దవయసువారికి ఆ తిరుగు ప్రయాణమే నడుము విరిచేస్తుంది. అందుకే వెళ్ళడం రోడ్డున, రావడం ఖాట్మండు నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాదుకు విమానంలో ఉండాలని మేము ముందే నిర్ణయించుకున్నాం. నాలుగైదు ఏజెన్సీలను అడిగితే, ఒకటి తప్ప మిగతావన్నీ రానూపోనూ బస్సే మంచిదని సర్దిచెప్పబోయాయి.

వారి ఇబ్బంది నాకు తర్వాత అర్థమైంది. భారతీయ బస్సు నేపాల్‌లోకి వెళ్ళాలంటే సరిహద్దులో భన్సార్ (నేపాల్ కస్టమ్స్ రుసుము) కట్టాలి, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు లెక్కకట్టి పర్మిట్ తీసుకోవాలి, గడువు లోపల తిరిగి బయటికి రావాలి. మనుషులు ఖాట్మండులో దిగి విమానం ఎక్కేస్తే ఆ బస్సు ఖాళీగా సునౌలీ దాకా రావాలి, ఆ ఖర్చు ప్రయాణికుల మీదే పడుతుంది. కనుక ఒకవైపు యాత్రకు సరైన పద్ధతి సరిహద్దులో బండి మార్చడమే. అంటే కాశీ నుంచి సునౌలీ వరకు ఒక భారతీయ బస్సు, అక్కడి నుంచి నేపాల్ టూరిస్టు వాహనం. ఆ నేపాల్ బండి సరిహద్దు దాకా ఖాళీగా వచ్చే ఖర్చును ఎవరు భరిస్తారు, రెండు దేశాల ఏజెన్సీల మధ్య బాధ్యత ఎక్కడ చేతులు మారుతుంది అనే రెండు ప్రశ్నల చుట్టూనే ఈ సేవ మంచిచెడ్డలన్నీ తిరుగుతాయి. మా ఏజెన్సీ మొదటిదానికి సూటిగా జవాబిచ్చింది. ఖాట్మండు నుంచి ఖాళీ బండిని రప్పించడం మానేసి, సరిహద్దుకు దగ్గరలోని భైరహవాలోనే బండి మాట్లాడి, ఆ మేరకు ధర తగ్గించింది.

రెండోదాని దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టవలసి వచ్చింది. వారు పంపిన ఒప్పంద పత్రంలో, సరిహద్దు దాటిన తర్వాత సేవలకు స్థానిక భాగస్వామిదే బాధ్యత అని ఒక వాక్యం ఉంది. చూడటానికి చిన్న వాక్యమే కానీ దానికి ఒప్పుకుంటే యాత్రలో సగానికి పైగా భాగానికి మన డబ్బు తీసుకున్నవారు జవాబుదారీ కాకుండా పోతారు. పోఖరాలో గది ఇవ్వకపోతే హైదరాబాదు ఆఫీసుకు ఫోన్ చేసే హక్కు కూడా మనకు మిగలదు. ఆ వాక్యం తీసేసి, ఇల్లు చేరేవరకు బాధ్యత తమదేనని రాసి ఇచ్చాకే అడ్వాన్సు కట్టాం. మొత్తంలో మూడో వంతు ఖాట్మండు హోటల్‌లో దిగిన తర్వాతే ఇస్తామని చెప్పాం, దానికీ ఒప్పుకున్నారు. ఈ ఏజెన్సీ మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

కాగితాల విషయంలో వారి శ్రద్ధను మెచ్చుకోకుండా ఉండలేను. భారత్, నేపాల్ మధ్య 1950 నాటి శాంతి, మైత్రీ ఒప్పందం వల్ల మనకు వీసా అక్కరలేదు కానీ గుర్తింపు పత్రం తప్పనిసరి. పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. అరవై అయిదేళ్ళు దాటినవారికీ, పదిహేనేళ్ళ లోపు పిల్లలకూ వయసు, గుర్తింపు తెలిపే వేరే ఫొటో కార్డుతో మినహాయింపు ఉంది. ఆధార్ ఉంటే చాలుననే నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. రోడ్డున సరిహద్దు దాటేటప్పుడు రద్దీలో ఎవరూ గట్టిగా అడగకపోవచ్చు. ఒకవైపు యాత్రలో చిక్కు ఏమిటంటే, రోడ్డు మీద ఎవరూ చూడని ఆ కార్డును ఖాట్మండు విమానాశ్రయంలో తప్పకుండా చూస్తారు. అక్కడ ఆధార్ చూపించి ఆగిపోతే వెనక్కి వెళ్ళడానికి మన బస్సు కూడా ఉండదు. అందుకే వయసు మినహాయింపు వర్తించేవారితో సహా అందరూ పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు తేవాలని ఏజెన్సీ పట్టుబట్టింది.

పేర్ల దగ్గర వారు ఇంకా జాగ్రత్త పడ్డారు. మన ఓటరు కార్డుల్లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క అక్షరమే, ఇంకొందరికి అసలే ఉండదు. ఆడవారిలో పాస్‌పోర్టు మీద పుట్టింటి పేరు, ఓటరు కార్డు మీద అత్తింటి పేరు ఉన్నవారు మా బృందంలోనే ముగ్గురు తేలారు. ఏజెన్సీలో ఈ పని చూసే అమ్మాయి ఒక్కొక్కరి కార్డు ఫొటో తెప్పించుకుని, విమానంలో ఏ కార్డు చూపిస్తారో ముందే అడిగి, టికెట్ మీద అక్షరం పొల్లు పోకుండా ఆ కార్డులో ఉన్న పేరే వేయించింది. మా పిన్నిగారి టికెట్ పేరు రెండుసార్లు సరిచేసి పంపింది. ఖాట్మండు కౌంటర్ దగ్గర మా ముందున్న వేరే బృందంలో ఒక పెద్దాయన పేరు తేడా వల్ల పక్కకు నిలబడి ఫోన్లు చేసుకుంటుండగా, మావారందరూ ఒకరి వెంట ఒకరు బోర్డింగ్ పాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సామాను విషయం మేము ముందుగా ఆలోచించనే లేదు, వారే గుర్తు చేశారు. సికింద్రాబాదు నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి కాశీ చేరే తెలుగువారు తిరిగి వచ్చేటప్పుడు సీలు వేసిన రాగి గంగ చెంబులు, అన్నపూర్ణాదేవి విగ్రహాలు, బెనారస్ చీరలు తెచ్చుకోకుండా ఉండరు. ఇంటికి రాగానే కాశీ సమారాధన చేయాలంటే ఆ చెంబులు కావాలి. ఈ యాత్రలో కాశీ మొదట్లోనే వస్తుంది, తిరుగు ప్రయాణం విమానంలో కాబట్టి కొన్నవన్నీ నేపాల్ కొండలన్నీ తిప్పి, చివరికి పదిహేను కిలోల పరిమితిలో ఇరికించాలి. ఏజెన్సీవారు కాశీలో బయల్దేరే ముందు రోజు అందరి గంగ చెంబులు, చీరలు పేర్లు రాసిన పెట్టెల్లో కట్టించి, గుంటూరుకు పార్సిల్ చేయించారు. ఛార్జీ మేమే పెట్టుకున్నాం. మేము ఇల్లు చేరేసరికి పెట్టెలు వచ్చి ఉన్నాయి, ఒక్క చెంబు కూడా సొట్ట పడలేదు.

సరిహద్దు రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సునౌలీ అంటే ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ జిల్లాలో ఒక ఇరుకు బజారు. గోరఖ్‌పూర్ నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది కానీ ఆఖరి రెండు మూడు కిలోమీటర్లు లారీల బారుల పక్కన కదలాలి. మా బస్సు సరిహద్దు ద్వారానికి కాస్త ఇవతల ఆగింది. అవతలి బేలహియాలో ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్న కోస్టర్ (చిన్న బస్సు) సిద్ధంగా నిలబడి ఉంది. నేపాల్‌లో టూరిస్టు వాహనానికే ఆ రంగు ప్లేటు ఉంటుంది, కాబట్టి పర్మిట్ లేని ప్రైవేటు బండి అంటగట్టారా అనే అనుమానం లేకుండా దూరం నుంచే తెలిసిపోయింది. సంచులన్నింటికీ కాశీలోనే పసుపు రంగు బిళ్ళలు కట్టి, వాటి మీద వరుస నంబరూ మనిషి పేరూ తెలుగులో రాశారు. సామాను రిక్షా బళ్ళ మీద ద్వారం దాటుతుంటే, ఏజెన్సీ కుర్రవాడు కాగితం పట్టుకుని నడుస్తూ, "పద్నాలుగు ఎవరిదండీ? పద్నాలుగు కనిపించడం లేదమ్మా!" అని కేకవేయడం, తన సంచిని చంకలో పెట్టుకుని ముందే నడిచి వెళ్ళిపోయిన మా కోశాధికారిగారు అవతలి నుంచి చెయ్యి ఊపడం, అప్పటికి గానీ అతను మిగతా లెక్క మొదలుపెట్టకపోవడం నాకు బాగా జ్ఞాపకం. ఇరవై మందికి పైగా పెద్దవారు, యాభై దాకా సంచులు, రెండు దేశాల రద్దీ ఉన్నా ఒక్క సంచి తప్పిపోలేదు.

ఏజెన్సీ పొరపాటు కూడా అక్కడే జరిగింది. మా బృందంలో ఒకరి కూతురు అమెరికా పౌరురాలు, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది, కాశీలో మాతో కలిసింది. భారతీయులకు ముద్ర అక్కరలేదు కానీ విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు ముందు భారత ఇమ్మిగ్రేషన్‌లో దేశం విడిచినట్టు ముద్ర వేయించుకుని, ఆ తర్వాత బేలహియాలో నేపాల్ వీసా తీసుకోవాలి. పదిహేను రోజుల వీసాకు ముప్పై డాలర్లు. మన ఇమ్మిగ్రేషన్ ఆఫీసు బజారులో దుకాణాల వరుసలో ఉంటుంది, తెలియనివారు దాటిపోతారు. తెలిసినవాడై ఉండి కూడా మా గైడు సామాను హడావిడిలో ఆ అమ్మాయిని నేరుగా నేపాల్ వైపు పంపించాడు. అక్కడి అధికారి ముద్ర లేదని తిప్పి పంపితే, ఆమె ఎండలో మళ్ళీ ఇవతలికి నడిచి వచ్చి, వరుసలో నిలబడి, పని పూర్తిచేసుకునే వరకు అందరం కోస్టర్‌లో కూర్చుని గంటన్నర ఎదురుచూశాం. ఆ సాయంత్రం లుంబినీలో మాయాదేవి మందిరం మూసే వేళకు చేరాం. బృందంలో ఒక్కరైనా విదేశీ పాస్‌పోర్టుతో ఉంటే వారి కోసం వేరే మనిషిని కేటాయించమని ముందే అడగడం మంచిది.

లుంబినీకి పూట చాలదు. 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ స్థలంలో అశోకుడి స్తంభాన్ని, బుద్ధుడు పుట్టిన చోటు గనుక ఆ ఊరికి పన్ను తగ్గించినట్టు చెప్పే శాసనాన్ని చూడటానికి మర్నాడు ఉదయం మరో రెండు గంటలు అడిగాం, ఏజెన్సీవారు అభ్యంతరం చెప్పకుండా ఇచ్చారు. అమరావతి స్తూపం పక్కన పెరిగిన జిల్లావారికి ఆ రెండు గంటలు ఎంత విలువైనవో విడిగా చెప్పనక్కరలేదు.

భైరహవా నుంచి బుట్వల్, పాల్పా మీదుగా పోఖరాకు నూట ఎనభై కిలోమీటర్ల కొండదారి, పోఖరా నుంచి ఖాట్మండుకు మరో రెండు వందల కిలోమీటర్లు. కిలోమీటర్లు చూసి కాలాన్ని లెక్కవేస్తే మోసపోతాం. ఒక్కో దారికి పగలంతా పడుతుంది. 2024 జూలైలో చిత్వన్ జిల్లాలోని సిమల్‌తాల్ దగ్గర కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆ మరుసటి నెలలోనే పోఖరా నుంచి ఖాట్మండు వెళ్తున్న భారతీయ యాత్రికుల బస్సు మర్స్యాంగ్దీ నది వైపు లోయలో పడి 27 మంది ప్రాణాలు పోయాయి. ఈ రెండూ తెలిసినవాణ్ణి కాబట్టి మూడు షరతులు అడిగాను. వానాకాలంలో వెళ్ళకూడదు, చీకటి పడ్డాక కొండదారిలో బండి నడపకూడదు, ఆ దారి రోజూ నడిపే నేపాలీ డ్రైవరే ఉండాలి. మొదటి రెండూ తమ నియమాలేనని ఏజెన్సీవారు చెప్పారు. మూడోది బండి మార్పుతో దానంతటదే నెరవేరింది. మలుపుల్లో హారన్ కొట్టి ఆగి, ఎదుటి బండికి దారి ఇచ్చి కదిలిన ఆ డ్రైవరు ఓర్పును చూశాక, మైదానాల్లో నడిపే డ్రైవరుతో ఈ దారిన వెళ్ళడం వద్దనే నా అభిప్రాయం మరింత గట్టిపడింది.

పోఖరాలో ముక్తినాథ్‌ను ఐచ్ఛికంగా పెట్టారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటిగా వైష్ణవులు కొలిచే ఆ క్షేత్రం 3,700 మీటర్లకు పైన ఉంటుంది. పోఖరా నుంచి దానికి దగ్గరలోని జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు ఉదయం పూటే ఎగురుతాయి, పొద్దెక్కితే గాలి ఊరుకోదు. వైద్యుడి పత్రం ఉన్నవారినే అనుమతించడం మంచి పని. విమానం ఎగరకపోతే మరో ప్రయత్నానికి వీలుగా ఒక రోజైనా అదనంగా ఉంచకపోవడం మాత్రం తప్పు. తొలిరోజు మబ్బుల వల్ల విమానం రద్దయింది, నూట ఎనిమిది ధారల కింద స్నానం చేయాలని ఏళ్ళ తరబడి కోరుకున్న నలుగురు పోఖరాలోనే ఉండిపోయారు. వారి విమానం డబ్బు పూర్తిగా వాపసు వచ్చింది, వారి బాధ మాత్రం అలాగే ఉంది. ముక్తినాథ్ ముఖ్యమనుకునేవారు ఈ ప్యాకేజీని ఇలాగే తీసుకోవద్దు, పోఖరాలో మరో రాత్రి కలపమని పట్టుబట్టండి.

భోజనం గురించి చెప్పిన మాట పూర్తిగా నిలుపుకోలేదు. కాశీ నుంచి సునౌలీ దాకా వంటమనిషి ఉన్నాడు, ఉప్మా, పప్పుచారు, పెరుగన్నం వేళకు అందాయి. సరిహద్దులో వంటమనిషీ గిన్నెలూ భారతీయ బస్సుతో పాటు కాశీకి వెళ్ళిపోయాయి. ఇది ఒకవైపు యాత్రలో తప్పని విషయమే అయినా, కరపత్రంలో యాత్ర అంతటా తెలుగు భోజనం అని అచ్చువేయకుండా ఉండవలసింది. నేపాల్‌లో హోటళ్ళు పెట్టే దాల్‌భాత్ మనకు పరాయిది కాదు. అన్నం, పప్పు, కూర, ఒక పచ్చడి ఉంటాయి. మేము తెచ్చుకున్న కందిపొడి, గోంగూర పచ్చడితో ఎవరికీ లోటు రాలేదు. షుగరు ఉన్నవారికి ఉదయం పూట పూరీ, ఆలూ తప్ప వేరేదేదీ పెట్టని రెండు రోజులు మాత్రం నిజంగా ఇబ్బంది పడ్డాం.

డబ్బు విషయంలో సలహా సరిగ్గా ఇచ్చారు. మేము వెళ్ళిన నాటికి వందకు మించిన భారతీయ నోట్లు నేపాల్‌లో చెల్లేవి కావు, 2018 చివరి నుంచి ఆ నిషేధం ఉండేది. అందరం వంద నోట్లే తీసుకెళ్ళాం. మన వందకు వారి నూట అరవై, ఈ మారకం స్థిరంగా ఉంటుంది. ఈ నిబంధనల్లో ఇటీవల మార్పులు వస్తున్నాయి కాబట్టి వెళ్ళేముందు కనుక్కోవాలి.

ఖాట్మండులో పశుపతినాథుని దర్శనం ప్రశాంతంగా జరిగింది. అక్కడి ప్రధాన అర్చకులు కర్ణాటక నుంచి వెళ్ళే భట్టులు కావడంతో, ఆ మంత్రోచ్చారణ మన గుళ్ళలో విన్నట్టే ఉందని మావాళ్ళు ఎంతో సంతోషించారు.

చివరగా, బయల్దేరే ముందు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం చెబుతాను. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో జరిగిన ఆందోళనల్లో ఖాట్మండు విమానాశ్రయం మూతపడి, ఆంధ్రప్రదేశ్ యాత్రికులు చాలామంది చిక్కుకుపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విమానంలో వారిని విశాఖకు, తిరుపతికి చేర్చింది. రానూపోనూ బస్సు ఉన్నవారికి కనీసం ఒక బండి చేతిలో ఉంటుంది. విమానం మీదే ఆధారపడిన మాలాంటివారికి ఆ విమానం ఎగరకపోతే వెనుక దారి ఏమిటి? ఈ ప్రశ్న అడిగితే ఏజెన్సీవారు రెండు రోజుల తర్వాత రాతపూర్వకంగా జవాబు పంపారు. విమానాలు ఆగిపోతే అదే కోస్టర్‌లో పరిస్థితిని బట్టి బీహార్ సరిహద్దులోని రక్సౌల్‌కో సునౌలీకో చేరుస్తామని, బండి ఖర్చు తమదని, అదనపు రాత్రుల బస ఖర్చులో సగం మాదని ఒప్పందానికి జతచేశారు. అవసరం రాలేదు. నేను అడిగిన మిగతా ఏజెన్సీలు ఈ ప్రశ్నకు దేవుడి మీద భారం వేయమని చెప్పాయి.

ధర రైలు టికెట్లు కాక మనిషికి నలభై వేలు దాటింది. బస్సులోనే తిరిగి వచ్చే యాత్రల కంటే ఇది స్పష్టంగా ఎక్కువ. విదేశీ టూర్ ప్యాకేజీ కాబట్టి టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు. దానిని బిల్లులో విడిగా చూపించి, వసూలు చేసినట్టు ధ్రువీకరించే ఫారం 27డి పంపారు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి లెక్కలో వేసుకోవచ్చు. నా అంచనాలో ఈ సేవకు అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒప్పందం, కాగితాలు, సరిహద్దు మార్పిడి, డ్రైవరు విషయాల్లో వారికి పూర్తి మార్కులే. తగ్గించిన ఆ ఒక్క మార్కు ముక్తినాథ్ ఏర్పాటుకు, భోజనం హామీకి, ఇమ్మిగ్రేషన్ దగ్గర జరిగిన అజాగ్రత్తకు. పదిహేను మందికి తక్కువైతే కోస్టర్ ఖర్చు తలకు బాగా పెరుగుతుందని వారే చెప్పారు. అంతమంది లేనివారు మరో కుటుంబాన్నో స్నేహితులనో కలుపుకుని అడగండి. దసరాకు నేపాల్‌లో బళ్ళు దొరకవు, ఆఫీసులు తెరవరు కాబట్టి ఆ పదిహేను రోజులు వదిలి, కార్తీకంలో గానీ మాఘం వెళ్ళాక గానీ తేదీలు పెట్టుకోండి. అడ్వాన్సు కట్టే ముందు ఒప్పందంలో సరిహద్దు అవతలి బాధ్యత గురించి ఉన్న వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.